ఏమని మొక్కుకోను?

పక్కింటి పిన్నిగారు నాకు తొందరగా ఊపిరితిత్తులు దొరకాలని వెంకన్నకి మొక్కుకున్నారట. ఆవిడ మంచి మనసుకి కళ్ళు చెమర్చాయి గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు దొరకడమంటే ఎవరింట్లోనో దీపం ఆరడమే కదా!

పరీక్షలన్నీ అయ్యాయి. రక్తం గ్రూపు, ఛాతీ కొలత, గుండె బలం, ఆఖరికి ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తానో కూడా చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని చూడలేదు సుమండీ! పేరు జీవన్‌దాన్ జాబితాకెక్కింది. గుమ్మం దగ్గర సర్దిన సంచీ, పక్కన ఆక్సిజన్ యంత్రం, చేతిలో ఫోను. తీసిన ఊపిరితిత్తులు కొద్ది గంటలే నిలుస్తాయి మరి, పిలవగానే పరుగెత్తాలి.

అయితే నేను ఎదురుచూస్తున్నది ఒకరి చావు కోసమా? చావు నేను పిలిస్తే రాదు, వద్దంటే ఆగదు. మెదడు పనిచేయడం ఆగిపోయిందని వైద్యులు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు నిర్ధారించాక కూడా, మన దేశంలో ఇంటివాళ్ళ అంగీకారం అడుగుతారు. ఆ ఏడుపుల మధ్య ఒక తల్లో, భార్యో అనే "సరే" కోసమే నా ఎదురుచూపు.

ఆ స్థానంలో నేనుంటే అనగలిగేదాన్నా? నిజం చెప్పొద్దూ, ఈ జబ్బు రాకముందైతే అడిగినవాళ్ళని కసురుకునేదాన్నేమో!

నిన్న కాఫీ తెచ్చిచ్చిన మావారితో అన్నాను, "ఏమండీ, నాకేమైనా అయితే నా కళ్ళు ఇచ్చేయండి."

ఆయన చాలాసేపు గోడకేసి చూశారు. తర్వాత బొంగురు గొంతుతో "సరే" అన్నారు.

ఆ ఒక్క మాట ఎంత బరువో అప్పుడు తెలిసింది. పిన్నిగారితో చెప్పాలి, ఆ మాట అనబోయే ఇల్లాలికి గుండెధైర్యం ఇమ్మని కూడా మొక్కుకోమని.