గురువగు సముద్రము

నిర్భయముగా సంచరించుచున్న ఒక అవధూతను చూచి, ఆయన ఆనందమునకు కారణమేమని యదుమహారాజు ప్రశ్నించిన కథ భాగవత ఏకాదశ స్కంధమున కలదు. తనకు ఇరువదినలుగురు గురువులు కలరని అవధూత బదులు చెప్పెను. భూమి, వాయువు, తేనెటీగ, చేప, సర్పము, సాలెపురుగు ఆ గురువులలోనివి. సముద్రమును వానిలో నొకటి. వర్షకాలమున నదులెన్ని వచ్చి కలసినను పొంగక, గ్రీష్మమున అవి సన్నగిల్లినను ఎండక నిలుచు సముద్రమును చూచి, లాభనష్టములందు సమముగా నుండుటను ఆయన నేర్చుకొనెను. ఈ కథలో పెక్కుమంది గమనింపని విషయమొకటి కలదు. అవధూత ప్రతి గురువునుండియు ఒక పాఠమును గ్రహించెను. ఏ గురువును మూటగట్టి వెంట తీసికొనిపోలేదు.

నేడు పలుచోట్ల ప్రాథమిక పాఠశాలల విద్యార్థులను విజ్ఞానశాస్త్ర పాఠములకై సముద్రతీరమునకు కొనిపోవుచున్నారు. ఇది మెచ్చదగిన పద్ధతియే. అయితే ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. ఒక వస్తువును తెలిసికొనుటకు దానిని సొంతము చేసికొనవలయునా? పిల్లవాడు తీరమునుండి ఇంటికి తేవలసినది తెలివియా, గుల్లల మూటయా?

ముందుగా ఈ విద్యవలన కలుగు మేలు నెరుగవలయును. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ తీరమున కొన్నిచోట్ల రాళ్లు సముద్రములోనికి చొచ్చుకొని యున్నవి. ఆటు వేళ నీరు వెనుకకు తీసినప్పుడు ఆ రాళ్లపై జీవులు అంతస్తులు అంతస్తులుగా కనబడును. నీరు లేక ఎక్కువసేపు తాళగల జీవి పైభాగమున, తాళలేనిది క్రిందిభాగమున కాపురముండును. సున్నపు బొడిపెలవలె రాతికి అంటియుండు బార్నకిల్ అను ప్రాణి చూచుటకు గుల్లవలె నున్నను నిజమునకు రొయ్యకు, పీతకు జ్ఞాతి. నీరు కప్పినప్పుడు ఈకలవంటి కాళ్లను చాచి ఆహారమును పట్టుకొనును. నీరు తగ్గినంతనే పెంకు తలుపులను మూసికొని లోపలి తడిని కాపాడుకొనును. ఈ సంగతిని పుస్తకమును చెప్పగలదు. కాని ఆ తలుపులు మూసికొనుటను కన్నులార చూచిన పిల్లవాడు, ఎవరును అడుగుమనకుండగనే, 'ఇది ఎందులకు?' అని అడుగును. విద్య ఆ ప్రశ్నతోనే ప్రారంభమగును.

పోవలసిన దినమును నిర్ణయించుటయే ఒక పాఠము. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణలు ఏకమగుటచే పోటు హెచ్చును, ఆటు వేళ నీరు మిక్కిలి దూరము తగ్గును. కావున ఉపాధ్యాయుడు గోడకు వ్రేలాడు పంచాంగమును చూచి దినమును ఏర్పరచుకొనవచ్చును. పోటు వచ్చు సమయము దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడుచుండునని, నాలుగు దినములు గమనించిన పిల్లలు తమంతట తామే కనుగొందురు. తిథులకును అలలకును గల బంధము వారికి అప్పుడు వట్టి మాటగా మిగులదు.

ఇంతవరకు ఆనందమే. కాని ఆనందము వెంటనే ఆశ బయలుదేరును. నచ్చినదానిని చేతబట్టవలెననియు, చేతబట్టినదానిని దాచుకొనవలెననియు తోచును. ఈ ఆశ ఎంతదూరము పోగలదో చరిత్ర చూపుచున్నది. ఇంగ్లండు దేశమున ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞు డుండెను. ఆయన గొప్ప దైవభక్తుడు. సముద్రజీవులలో సృష్టికర్త మహిమను చూచినవాడు. డెవన్ తీరమును గూర్చి 1853లోను, గాజుతొట్టెలలో సముద్రజీవులను పెంచుటను గూర్చి 1854లోను ఆయన గ్రంథములను ప్రకటించెను. అవి చదివి ముచ్చటపడిన జనులు గుంపులు గుంపులుగా తీరమునకు పోయి, రాతిమడుగులలోని జీవులను పెకలించి జాడీలలో నింపుకొని పోయిరి. తన బాల్యమున జీవకళతో తొణికిసలాడిన ఆ మడుగులు పాడుపడినవనియు, తన గ్రంథములే ఆ నాశనమునకు దారితీసినవని తెలిసి తండ్రి మిక్కిలి నొచ్చుకొనెననియు, ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువడిన 'ఫాదర్ అండ్ సన్' అను గ్రంథమున వ్రాసియున్నాడు. ఆ జనులలో దుర్మార్గులు లేరు. వారు సముద్రమును ప్రేమించినవారే. ప్రేమకు అపరిగ్రహము తోడు లేకపోవుటయే అక్కడి లోపము.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. సేకరింపక శాస్త్రమెట్లు పెరుగును? ప్రదర్శనశాలలలోని నమూనాలు లేకున్న జీవజాతుల జ్ఞానమెట్లు కలిగెడిది? ఈ ఆక్షేపణను త్రోసిపుచ్చరాదు. శాస్త్రజ్ఞుడు ఒక జీవిని తీసికొనునప్పుడు స్థలమును, దినమును వ్రాసి, నూరుమందికి నూరేండ్లు ఉపయోగపడునట్లు భద్రపరచును. పిల్లవాని జేబులోని గుల్ల వారము దినములలో ఏ మూలనో పడియుండును. ఒక తరగతిలో నలువదిమంది పిల్లలు తలకు ఐదేసి గుల్లలు తీసికొన్నచో రెండువందలగును. పది పాఠశాలలు వచ్చినచో రెండువేలు. చేయి చిన్నదే, చేతులు మాత్రము అనేకములు.

'ఒడ్డున పడియున్న ఖాళీ గుల్ల ఎవరిది? దానిని తీసికొన్న దోషమేమి?' అని మరల ప్రశ్నింపవచ్చును. దీనికి ఉత్తరము తీరమే చెప్పును. సన్న్యాసి పీత అను జీవికి వెనుకభాగము మెత్తన. అచ్చట పెంకు లేదు. అది చచ్చిన నత్తల ఖాళీ గుల్లలో దూరి, దానిని మోసికొనుచు తిరుగును. శరీరము పెరిగినకొలది మరింత పెద్ద గుల్లను వెదకుకొనును. ఒక్కొక్కప్పుడు పెద్ద గుల్ల దొరకినచోట ఈ పీతలు వరుసదీరి, మొదటిది క్రొత్త యింటిలోనికి పోగా, రెండవది దాని పాత యింటిలోనికి, మూడవది రెండవదాని యింటిలోనికి మారును. అనగా పిల్లవాడు తీసికొనదలచిన ఆ ఒక్క గుల్లకై ఎన్నియో ప్రాణులు కాచుకొని యుండవచ్చును. పరులు విడిచిన గృహమున నివసించు ఈ జీవికి సన్న్యాసి యను పేరు తగియున్నది. అవధూతకు గురువైన సర్పమును ఇట్లే ఇతరులు కట్టిన యింట నివసించునది గదా. దీనిని కన్నులతో చూచిన పిల్లవానికి 'గుల్లలు ఏరరాదు' అను నిషేధముతో పనిలేదు. చేతిలోని గుల్లను తానే ఇసుకపై నుంచును.

చట్టమును ఈ దిశగానే నడచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి 2001లో పగడములు, సముద్రపు గుఱ్ఱములు, కొన్ని జాతుల గుల్లజీవులు చేర్చబడినవి. కాని శిక్షాభయముచే విడిచినదానికిని, హక్కుదారు నెరిగి విడిచినదానికిని భేదమున్నది. మొదటిది కాపలా ఉన్నంతవరకే నిలుచును.

తీసికొనుట సర్వత్ర దోషమని దీని భావము కాదు. జాలరి సముద్రమునుండి చేపలను తెచ్చుచున్నాడు. అది అతని జీవనము. తూర్పుతీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయబడును. తీసికొనుటకును ఒక మేర కలదని ఆ విరామము తెలుపుచున్నది. తీరగ్రామపు పాఠశాలలలో జాలరుల బిడ్డలును ఉందురు. ఆటుపోటుల సంగతి, ఏ గాలికి ఏ చేప వచ్చునను సంగతి వారు ఉపాధ్యాయునికంటె ఎక్కువగా ఎరిగియుండవచ్చును. తీరమున ఆ బాలుని ముందు నిలిపి, అతడు చెప్పగా తానును వినగల ఉపాధ్యాయుడు, వినయమును మాటలతో బోధింపనక్కరలేదు.

చేతులను అణచుకొనుటతో ఈ విద్య ముగియదు. కొన్నిచోట్ల కన్నులనుకూడ అణచుకొనవలసి యుండును. జనవరి మొదలుకొని కొన్ని నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆంధ్రతీరమునకు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి సుమారు నూరేసి గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు 45 నుండి 60 దినములలో పిల్లలు వెలువడి, వెలుతురుగా నున్న దిక్కే సముద్రమని దానివైపు ప్రాకును. దీపములు వెలిగినచో దారితప్పి ఊరివైపు పోయి నశించును. వానిని చూడవలెనని దీపము పట్టుట వానికే ఆపద. ఇచ్చట చీకటిలో నిలిచి కనిపించినంత చూచి తృప్తిపడుటయే ధర్మము. తన కోరికకంటె ఎదుటి ప్రాణి బ్రదుకు పెద్దదని ఎనిమిదేండ్ల పిల్లవాడు ఒక్క రాత్రి గ్రహించినచో, పెద్దయైన పిదప అధికారమో ధనమో చేతికి వచ్చినప్పుడు ఆ పాఠము అతనికి అక్కరకు రాగలదు.

తాకి చూచుట పిల్లల స్వభావము, దానిని చంపరాదు. చేతులు తడిచేసికొని మెల్లగా తాకవచ్చును. తాకినదానిని తీసిన చోటనే విడువవలయును. తిరుగవేసిన రాతిని మరల యథాప్రకారముగా పెట్టవలయును. లేనిచో దాని అడుగున తడిలో దాగియున్న ప్రాణులు ఎండకు మాడిపోవును. చూచినదానిని పుస్తకమున బొమ్మగా గీయవచ్చును. గీయుటకు చాలసేపు చూడవలయును. చాలసేపు చూచుటయే ఏకాగ్రత. ఇట్లు ఖాళీచేతులతో ఇల్లు చేరిన పిల్లవానిని 'ఏమి తెచ్చితివి?' అని తల్లి అడిగినచో, చెప్పుటకు అతనికి చాల యుండును. అతడు చూచినవన్నియు మరునాడు రానున్న మరియొక పిల్లవాని కొరకు తీరమునందే యుండును.