జౌగడలో లేని పశ్చాత్తాపం

కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారని, అందుకు తాను కుమిలిపోతున్నానని అశోకుడు పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. ఎక్కడ? పెషావర్ వైపున్న షాబాజ్‌గఢీలో, గుజరాత్ గిర్నార్‌లో, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో. కళింగంలోనే ఉన్న ధౌలి, జౌగడల్లో మాత్రం ఆ శాసనం లేదు. దాని బదులు, ప్రజలంతా నా బిడ్డలే, అకారణంగా ఎవరినీ చెరలో వేయకండి అని అధికారులకు ఆదేశాలున్నాయి. ఓడినవాళ్లకు ఓటమి గుర్తుచేయడమెందుకని వదిలేశాడేమో. అది పాలకుడి వివేకమే, కాదనను. అయినా దెబ్బ తిన్నవాళ్లకు దయ దక్కింది కానీ, తప్పు నాదన్న మాట దక్కలేదు. పైగా ఆ పదమూడో శాసనమే అడవి జనాన్ని హెచ్చరిస్తుంది: పశ్చాత్తాపపడినా నా బలం తగ్గలేదు సుమా అని. గాయపడినవారి ఎదుట, వారి నేల మీద నిజం ఒప్పుకోనిదే సయోధ్య మొదలు కాదన్నదే నా వాదన.

ఆ కళింగ నేలలోదే మన ఉత్తరాంధ్ర. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ గిరిజన సంఘం సభకు వెళ్తున్న గిరిజనులు కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్చి చంపింది. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత సాయుధ పోరాటం, ఎన్‌కౌంటర్లు; 1970 జూలైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణం. అదే ఏడు వచ్చిన 1/70 నిబంధన ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా కట్టడి చేసింది. గిరిజనుల గోడు న్యాయమైనదని ఒప్పుకున్నట్టే కదా! కానీ చట్టం ఎవరి చావునూ పేరు పెట్టి చెప్పదు. భూమి కోసం చావులూ ఆగలేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస ప్రాజెక్టుకు సేకరించగా మునగకుండా మిగిలిన భూమి తగాదాలో, తోటి ఊరివాళ్ల దాడిలో ఐదుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు.

పాత పుండు రేపడమెందుకంటారు. మరచిపొమ్మని ఎప్పుడూ ఒక పక్షానికే చెబుతున్నామని గమనించరు. ఉద్యమకారులు చంపినవారి సంగతేమిటంటారు, న్యాయమైన ప్రశ్నే. ఆ కుటుంబాలకూ నిజం బాకీయే. ఒక చావుకు మరో చావును చెల్లు వేస్తే మాత్రం రెండు ఇళ్లకూ ఏమీ మిగలదు. దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్ పూర్తి నిజం చెప్పినవారికే క్షమాభిక్ష పెట్టింది. బాధితులకు పరిహారం మాత్రం ఆలస్యంగా, అరకొరగా అందింది. అంటే మాట ఒక్కటే చాలదు, భూమి కూడా కదలాలి. తాతల తప్పుకు మనవళ్లెందుకు జవాబు చెప్పాలన్నది గట్టి అభ్యంతరం. దానికి మహాభారతంలో జవాబుంది. కర్ణుడు తన అన్న అని తెలియకుండానే ధర్మరాజు యుద్ధం చేశాడు. స్త్రీపర్వంలో, తర్పణాల వేళ కుంతి నిజం చెప్పాక, నాకు తెలియదు కదా అని తప్పుకోలేదు. ఏడ్చాడు, తల్లిని నిందించాడు, అన్నకు నీళ్లు వదిలాడు. తాత భూమి అనుభవిస్తున్న మనవణ్ణి అడిగేదీ ఆపాటిదే.