తిరిగివచ్చిన రాజవీథి

గ్రీసు దేశమునందలి థెస్సలోనీకి నగరమున 2006లో ఆరంభమైన భూగర్భ రైలుమార్గము 2024 నవంబరు 30వ తేదీకి గాని ప్రయాణికుల కక్కరకు రాలేదు. ఇంత జాగునకు అప్పులబాధ యొక కారణము. క్రీస్తునకు పూర్వము మాసిడోనియా నేలిన కసాండరు కట్టించిన ఆ నగరపు నేలయే మఱియొక కారణము. సొరంగము త్రవ్వు యంత్రము ప్రాచీనావశేషములకు అడుగుగా, లోతున సాగిపోవచ్చును. స్టేషనుకు ఆ వెసులుబాటు లేదు. మనుష్యుడు వీథినుండి ప్లాట్‌ఫారమునకు దిగవలెను గదా! అందుచే నేలను పైనుండి క్రిందివఱకు తెఱవక తప్పదు. తెఱచిన చోటనే శతాబ్దములు పొరలు పొరలుగా నుండును.

వెనిజెలూ స్టేషను కొఱకు త్రవ్వుచుండగా, రోమనుల నాటి వీథిరేఖపైననే బైజాంటియనులు పఱచుకొన్న చలువఱాతి రాజవీథి బయల్పడెను. దానిని కదలింపరాదని పెక్కుమంది పండితులును, ఊడదీసి, స్టేషను కట్టి, మఱల యథాస్థానమున పఱచవచ్చునని ప్రభుత్వమును ఏండ్లతరబడి వాదించుకొనగా, తుదకు న్యాయస్థానము వఱకు పోయిన ఆ తగవున రెండవ పక్షమే నెగ్గినది. ఱాళ్లు వెడలిపోయి తిరిగి వచ్చినవి. అయిన నిది ఆ వీథియేనా?

నైయాయికుని మతమున అవయవములకంటె వానితో నేర్పడిన అవయవి వేఱు. వస్త్రమునుండి యొక్క నూలుపోగు తీసినను పూర్వపటము నశించి ఖండపటము పుట్టును. కావున ఇది క్రొత్త వీథి. బౌద్ధులలో మాధ్యమికుడో, స్వభావమే లేని వీథికి పోకయేమి రాకయేమి యనును. విచిత్రమేమనగా, ఆ మాధ్యమికుల యాచార్యుడగు నాగార్జునుని పేరు మోయుచున్న నాగార్జునకొండ లోయయే జలాశయమున మునుగనుండగా, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి వెలికిదీసిన ప్రాచీన విజయపురి కట్టడములలో కొన్నింటిని కొండమీదికిని, కొన్నింటిని గట్టునున్న అనుపునకును మనవారే తరలించిరి.

ఆగమజ్ఞులు ఈ చిక్కును మున్నే యెఱిగినవారు. జీర్ణోద్ధారణమున ఱాతిని కదల్పకముందే కళాకర్షణమున దైవశక్తిని దానినుండి వేఱుచేసి, దేవతను తాత్కాలికమైన బాలాలయమున నిలిపి, పని ముగిసిన పిదప పునఃప్రతిష్ఠ సలుపుదురు. వీథికి అట్టి అధిదేవత లేదు. దాని ప్రాణము, నా యెఱిగినంతలో, ఱాతికిని క్రింది మట్టికిని గల యెడతెగని సంబంధమునందున్నది. ఱాళ్లకు అంకెలు వేసి యెంత జాగ్రత్తగా పేర్చినను ఆ సంబంధము మరలి రాదు. పూర్వులును ఆ వీథిని త్రవ్వి పఱచుకొనలేదా యందురేమో! పఱచుకొనిరి, నడచుటకు. మనము పఱచినది చూచుటకు.

అట్లని స్టేషను కట్టుట తప్పని నేననను. నీటికొఱకు మనము లోయను ముంచుకొన్నవారము. పరుల నాక్షేపింప మన కధికారము లేదు. తరలించినదానిని తరలించినదిగా చెప్పుకొనుట మాత్రము న్యాయము. నాగార్జునకొండకు పోవు పాఠకులు అచ్చటి కట్టడముల యెదుట నిలిచినపుడు, ఇది మునుపెచ్చట నుండెనని యొక్కమాఱు అడిగి తెలిసికొందురు గాక.