పాట తెచ్చిన గెలుపు ఎవరిది?

పరుగు పందెంలో మందు మింగి గెలిస్తే మోసమంటాం. పాట విని గెలిస్తే? రెండూ నాడి వేగాన్ని పెంచగలవు, మనసుకు ఊపు ఇవ్వగలవు. మరి ఒకటి తప్పూ, రెండోది ఒప్పూ ఎలా అయ్యాయి?

పాట ప్రభావాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. న్యూయార్కులో అప్పట్లో జరిగిన ఆరు రోజుల సైకిలు పందేన్ని పరిశీలించి లెనార్డ్ అయిర్స్ 1911లో ఒక లెక్క ప్రకటించాడు. బ్యాండు మోగుతున్నప్పుడు పోటీదారుల సగటు వేగం గంటకు 19.6 మైళ్ళు, ఆగినప్పుడు 17.9. ఇథియోపియా పరుగువీరుడు హైలీ గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో 2000 మీటర్ల ఇండోర్ రికార్డు నెలకొల్పినప్పుడు, ఆయనకు ఇష్టమైన 'స్కాట్‌మన్' పాట మైకులో మోగుతూ ఉంది.

అయితే పాట కండరాలకు కొత్త బలం పొయ్యదు. అలసట పంపే కబురు మీదినుంచి మనసును కాస్త పక్కకు మళ్ళిస్తుంది, అంతే. మోస్తరు శ్రమలో కష్టం తక్కువగా తోస్తుంది. ఊపిరి అందనంత వేగం వచ్చేసరికి మాత్రం ఒంటి కేకదే పైచేయి. పాట వెనక్కి తగ్గుతుంది.

ఉత్ప్రేరకం అలా తగ్గదు. 1967లో టూర్ డి ఫ్రాన్స్ పందెంలో ఇంగ్లీషు సైకిలు వీరుడు టామ్ సింప్సన్ మోం వాంతూ కొండ మీద మండుటెండలో కూలి మరణించాడు. ఆయన ఒంట్లో ఆంఫెటమిన్ కనబడింది. శరీరం 'ఇక చాలు' అంటున్నా వినిపించనివ్వని మందు అది. పాట బుజ్జగిస్తుంది, మందు నోరు నొక్కేస్తుంది. నా దృష్టిలో అసలు భేదం ఇదే.

ఒకరికి పాట ఉండి మరొకరికి లేకపోతే అన్యాయం కాదా అనవచ్చు. నిజమే. అందుకే ట్రాకు పోటీల్లో రేడియో వంటివి వెంట తీసుకుపోనివ్వరు. కాని తలలో మోగే పాటను ఏ అధికారి సోదా చెయ్యగలడు?

మన పడవవాళ్ళ హైలెస్సాలోనూ, దంపుళ్ళ పాటలోనూ ఒక మేలు ఉంది. పాడేదీ, పనిచేసేదీ ఒకరే. ఊపిరి చాలకపోతే పాట తనంతట తానే ఆగుతుంది. యంత్రం పాడే పాటకు మన ఊపిరితో నిమిత్తం లేదు. కనుక మన పిల్లలు చెవులకు పాట తగిలించుకుని పరుగుకు బయలుదేరితే వద్దనకండి. మధ్యలో ఒక మైలు మాత్రం పాట లేకుండా, తమ ఊపిరి తాము వింటూ పరుగెత్తమనండి. ఆ ఊపిరి వినిపిస్తున్నంత వరకూ గెలుపు వాళ్ళదే.