కూడబెట్టుట: ధర్మము, లోభము

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువది నలుగురు గురువులను గూర్చి తెలిపిన ఘట్టము కలదు. ఆ గురువులలో తేనెటీగ ఒకటి. అది పూవుపూవునకు తిరిగి బొట్టుబొట్టుగా తేనెను కూర్చును. చివరకు తేనె తీయువాడు వచ్చి, పట్టుతో కూడ దానిని గైకొని పోవును. ఇది చూచి, భిక్షువు మాపటికని గాని రేపటికని గాని దాచరాదని అవధూత నేర్చుకొనెను. సాలూరు చుట్టునున్న కొండలలో గిరిజనులు తేనె తీయుట ఎరిగినవారికి ఈ దృష్టాంతమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

అయితే పురాణము విని ఇల్లు చేరిన గృహిణికి ఒక సందేహము కలుగవచ్చును. పోపులపెట్టెలో ఆమె దాచిన నోట్లు కూడ తేనెపట్టు వంటివేనా? భర్త సంపాదన చాలక, వంటపని ముగిసిన తరువాత ఆమె కుట్టుమిషను వద్ద కూర్చుండుట సంసారధర్మమా, లేక లోభమునకు తొలి మెట్టా? ఈ సందేహము చిన్నది కాదు. దీనికి సరియైన సమాధానము దొరకనిచో దాచువారు దోషభావముతో దాచుదురు. దాచనివారు తమ అజాగ్రత్తకు వైరాగ్యమని పేరు పెట్టుకొందురు.

అవధూత బోధ ఎవరిని ఉద్దేశించినదో ముందు గమనింపవలెను. యతికి ఇల్లు లేదు, ఆలుబిడ్డలు లేరు. అతని ఆకలి అతనిదొక్కనిదే. అదే ఘట్టమున తేనె తీయువాడు సైతము గురువుగా చెప్పబడినాడు. గృహస్థులు కష్టపడి కూర్చినదానిలో యతి ముందుగా భుజించునని అవధూత అతని వలన గ్రహించెను. గృహస్థుని ఇంట గింజ లేనిచో యతికి భిక్ష ఎక్కడిది? మనుస్మృతి నాలుగవ అధ్యాయము విప్రగృహస్థులను నాలుగు తెగలుగా చెప్పినది. గాదె నిండ ధాన్యము గలవాడు, కుండెడు గలవాడు, మూడు దినములకు సరిపడ గలవాడు, రేపటికి లేనివాడు అని ఆ క్రమము. తరువాతివాడు ముందువానికంటె శ్రేష్ఠుడని చెప్పినను, గాదె గలవానిని పాపి అనలేదు. మహాభారత ఉద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునితో, రాత్రి సుఖముగా గడచుటకు పగలు, వానకాలము సుఖముగా గడచుటకు మిగిలిన ఎనిమిది మాసములు, వార్ధక్యము సుఖముగా గడచుటకు యౌవనమున పాటుపడవలెనని చెప్పెను. దాచుట యనగా ఒక కాలపు బలమును మరొక కాలపు బలహీనతకు అందించుట. ఇందులో దోషము లేదు.

విదురుని మాట సాలూరు వంటి ఊరికి మిక్కిలి తగినది. వేగావతీ తీరమున పంచముఖేశ్వరాలయము గల ఈ పట్టణము లారీలకు ప్రసిద్ధి. విజయనగరము నుండి ఘాట్ రోడ్డు మీదుగా ఒడిశాలోని కొరాపుట్‌కు, అటుపై ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌కు పోవు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగును. డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, లారీ బాడీలు కట్టు వడ్రంగులు, వెల్డింగు పనివారు – వీరందరి అన్నము ఆ చక్రములతో ముడిపడి యున్నది. లోడు దొరికిన నెల చేతినిండ డబ్బు. దొరకని నెల ఖాళీ చేతులు. కాని అప్పు వాయిదా లోడు కొరకు ఆగదు, జూన్ నెలలో బడి ఫీజు ఆగదు, జ్వరము ఆగదు. నెలజీతము గలవానికి పొదుపు మంచి అలవాటు కావచ్చును. ఇట్టి రాబడి గలవానికి అది ఇంటికి వెన్నుగాడి వంటిది.

దాచు విధమును పూర్వపు గృహిణులే నేర్పినారు. ఎసటిలో బియ్యము పోయుటకు ముందే ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట తెలుగు ఇండ్లలో ఆచారము. ఉడికిన తరువాత దాచుటకు ఏమియు మిగలదని వారికి తెలియును. డబ్బు సంగతియు అంతే. చేతికి వచ్చిన నాడే వేరు చేసినది నిలుచును. దినమునకు ఇరువది రూపాయలు తీసినచో ఏడాదికి 7,300 రూపాయలగును. ఆ మొత్తము సంపన్నునికి లెక్కలోనిది కాదు. పిల్లవాని పుస్తకములకు అప్పు చేయక తప్పని తండ్రికి అది అభిమానము నిలుపు ధనము. 1882వ సంవత్సరమున మన దేశమున తపాలా సేవింగ్సు బ్యాంకు ఏర్పడినది మొదలు ఇట్టి చిన్న మొత్తములకు చోటు దొరకుచునే యున్నది.

ఇక అదనపు సంపాదన మాట. సాయంకాలము పిల్లలకు చదువు చెప్పుట, అప్పడములు వత్తుట, బట్టలు కుట్టుట, చింతపండు పిక్క తీయుట, కొండనుండి దిగిన అడ్డాకులతో విస్తళ్లు కుట్టుట మున్నగునవన్నియు గౌరవనీయములైన పనులు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నమును సమృద్ధిగా చేయుటను వ్రతమని చెప్పినది. అయినను ప్రతి అదనపు రూపాయిని మూడు ప్రశ్నలు అడుగవలసి యున్నది.

ఇది ఎవరి సొత్తు నుండి వచ్చినది? యజమాని లారీలో, అతనికి తెలియకుండ, కిరాయికి మనుషులను ఎక్కించుకొన్న డ్రైవరు తన శ్రమఫలమే తీసికొంటిననుకొనవచ్చును. కాని బండి అతనిది కాదు, డీజిలు అతనిది కాదు, ప్రమాదము జరిగినచో బాధ్యత అతనిదొక్కనిదే కాదు. యజమానితో ముందు చెప్పి చేసిన పని సంపాదన. చెప్పలేని పని, ఎంత చిన్నదైనను, అస్తేయ వ్రతమునకు భంగము. అయితే ఈ ప్రశ్న యజమానికిని వర్తించును. కడుపు నిండని కూలి ఇచ్చి నీతి కోరువాడు ఆ దోషమున భాగస్వామి యగును.

ఇది ఎవరి ప్రాణము నుండి వచ్చినది? నిదుర మాని మరొక ట్రిప్పు వేసినవాడు ఆ రాత్రి ఘాట్ మలుపులలో తన దేహమునే కాక, ఎదుట వచ్చువారి దేహములను కూడ పందెము పెట్టుచున్నాడు. ఇంట్లోను అట్టిదే. పగలు ఇంటిపని, రాత్రి కుట్టుపని చేయు ఇల్లాలి సంపాదనను అందరు మెచ్చుకొందురు. ఆమె చేతిలోని చీపురును మాత్రము ఎవ్వరును అందుకొనరు. రాబడిని పంచుకొన్న ఇల్లు పనిని కూడ పంచుకొనవలెను. లేనిచో ఆ అదనపు ధనము ఆమె ఆయుస్సు నుండి తీసినదే యగును.

ఇది ఎవరి కష్టము నుండి వచ్చినది? ఈ ప్రశ్న వడ్డీ వ్యాపారమునకు గట్టిగా తగులును. దాచిన సొమ్మును పొరుగువారికి అప్పిచ్చుట సులభమైన రాబడిగా కనబడును. పదివేల రూపాయల అప్పునకు పదునైదు వందలు ముందే పట్టుకొని, 8,500 చేతికిచ్చి, దినమునకు నూరు చొప్పున నూరు దినములు వసూలు చేసిరనుకొందము. వినుటకు నూటికి పదునైదు. కాని అసలు దినదినము తీరుచుండుటచే, లెక్క కట్టినచో అది ఏడాదికి నూటికి నూరు దాటును. ఈ ప్రాంతపు కొండలకు అప్పు చేసిన గాయము చరిత్రలో కలదు. దళారుల నుండి గిరిజనులను కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 1960లో షెడ్యూల్డు ప్రాంతములలో వడ్డీ వ్యాపారమునకు ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. సాలూరు నాటి శ్రీకాకుళం జిల్లాలో ఉండగా 1967 ప్రాంతమున గిరిజనులలో చెలరేగిన పోరాటమునకు భూమితో పాటు అప్పు కూడ కారణము. ఒకని పొదుపు మరియొకని పొలమును మ్రింగినప్పుడు దానిని జాగ్రత్త అనుట ధర్మము కాదు.

అదే ధనము కలిసి దాచినప్పుడు మరియొక స్వభావము పొందును. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో జోడించుటకు పూనుకొన్నది. 2000లో ఆరంభమైన వెలుగు పథకమునకు మొదట ఎంపికైన ఆరు జిల్లాలలో, సాలూరు అప్పుడు ఉండిన విజయనగరం ఒకటి. పది మంది స్త్రీలు కూడి దాచిన ధనము వారిలోనే అవసరము గలవారికి అప్పుగా పోయి, వడ్డీతో సహా వారి సంఘమునకే తిరిగివచ్చును. తీర్చలేని ఇంటిని పదిమందిలో అవమానించినచో అక్కడ సైతము ధర్మము తప్పును. కాని ఋణదాతకు, ఋణగ్రస్తురాలికి ఒకే ముంత అయినప్పుడు కాఠిన్యము కొంత తగ్గును.

భాగవతము అష్టమ స్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తితో, ధనమును ధర్మమునకు, కీర్తికి, తిరిగి సంపాదనకు, సుఖమునకు, స్వజనులకు అని ఐదు భాగములు చేసికొన్నవాడు ఇహపరములలో సుఖపడునని చెప్పెను. గృహస్థునకు ఇంతకంటె చక్కని లెక్క దొరకదు. అయినను బలి ఆ లెక్కను ప్రక్కన పెట్టి మాటను నిలుపుకొనెను. శుక్రుని నీతి తప్పని కాదు. అది ఇచ్చిన మాటను తప్పించుకొనుటకు సాధనముగా ముందుకు వచ్చినది. విభజన దినదిన వ్యవహారమునకు, మాట అన్ని దినములకు. పొదుపు పేరుతో కూలివాని కూలి ఎగవేయువాడు, ముసలి తల్లి మందును వాయిదా వేయువాడు శుక్రుని లెక్కను పట్టుకొని బలిని మరచినవారు.

కావున దాచిన ప్రతి మూటకు ఒక పేరు ఉండవలెను: ఇది బిడ్డ చదువునకు, ఇది వానకాలమునకు, ఇది వార్ధక్యమునకు, ఇది ఆకలితో వచ్చినవానికి. పేరు చెప్పగలిగినంత వరకు అది గృహస్థుని గాదె. ఎందుకని అడిగినప్పుడు సమాధానము దొరకక, ఇంకను కావలెనని మాత్రమే తోచిన నాడు అది తేనెపట్టుగా మారినదని తెలిసికొనవలెను. పోపులపెట్టెలో నోటు దాచు ఇల్లాలు భయపడనక్కరలేదు. పిడికెడు బియ్యము తీయు చేతితోనే పిడికెడు పెట్టుటయు ఆమెకు తెలిసినచో, ఆ ఇంటి పొదుపు భగవదర్పితమే యగును.