కుండకి కుమ్మరి, పడవకి ఎవరు?

కుండ ఉంది కాబట్టి కుమ్మరి ఉండి తీరాలి. లోకం కూడా కుండలాంటిదే, ఒకప్పుడు లేక తరవాత పుట్టినదే. కాబట్టి లోకానికీ ఓ కర్త ఉండాలి, ఆయనే ఈశ్వరుడు. మా నాన్న కొవ్వూరులో వీధరుగు మీద తర్కసంగ్రహం పాఠం చెబుతూ, ఈ అనుమానం (తర్కంలో అంటే హేతువుని బట్టి తేల్చడం) దగ్గరికి వచ్చేసరికి గొంతు ఒక మెట్టు పెంచేవారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు పరీక్ష కోసం వచ్చిన పిల్లలు. తలుపు వారనుంచి వినేదాన్ని నేను. అప్పుడూ ఇప్పుడూ నాకు ఒకటే సందేహం: ఈ సంగతి కుమ్మరిని ఎవరైనా అడిగారా?

అడగడానికి కుమ్మరి దొరక్క, ఉద్యోగం మానేశాక సియాటిల్ పక్కన బోథెల్‌లో, మా ఇంటి గ్యారేజీలో ఓ చిన్న తెరచాప పడవ కట్టాను. అలాగని తర్కం కోసమే కట్టానంటే అబద్ధం. సరదాకే కట్టాను. కానీ చెక్క కోస్తున్నంతసేపూ నాన్న గొంతు వినిపిస్తూనే ఉంది.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే, తెలుగువాడు. తన పుస్తకానికి తనే దీపిక అని వ్యాఖ్య కూడా రాసుకున్నాడు. కర్త అనిపించుకోవాలంటే మూడుండాలని అందులో ఉంది. చేతిలో ఉన్న ముడిసరుకు గురించి ప్రత్యక్షమైన తెలివి, చెయ్యాలన్న కోరిక, చేసే ప్రయత్నం. కోరికా ప్రయత్నమూ నాకు పుష్కలంగా ఉన్నాయి. ఆ మొదటిదాని దగ్గరే పేచీ.

నా పడవ ఎనిమిదడుగులది. ముక్కు కోసుగా లేకుండా ముందువైపు కూడా మొండిగా తెగి ఉండే రకం, ప్రామ్ అంటారు. ప్లాన్లు తపాలాలో వచ్చాయి, కొన్ని పెద్ద కాగితాలు, ఓ చిన్న పుస్తకం. కాగితాలు బల్ల మీద పరిచి చూస్తే, కోసుకోవలసిన వంపు పూర్తి కొలతలో ఎక్కడా గీసి లేదు. ఉన్నవి అంకెలు. ప్లైవుడ్ మీద అడుగడుక్కీ అడ్డగీత గీసి, ఆ గీత మీద ఇంత ఎత్తున చుక్క పెట్టమంటాయి. 1-3-5 అని ఉంటే ఒక అడుగు, మూడంగుళాలు, ఆపైన అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు. చుక్క చుక్కకీ సన్న మేకు కొట్టి, ముడులు లేని పొడుగాటి సీడర్ బద్దని ఆ మేకుల వారగా వంచాలి. చుక్కకీ చుక్కకీ మధ్య గీత ఏ దారిన పోవాలో బద్దే తేల్చుకుంటుంది. దాని వెంట పెన్సిల్ పోనివ్వడమే మన పని. ఎక్కడైనా ఓ మేకు బద్దకి అందకుండా పక్కకి నిలిచిపోతే, మేకు పీకి బద్ద మాట వినమంటుంది పుస్తకం. అంటే అంకె తప్పైనా కావచ్చు, గీత మాత్రం కాదు. తలవంచి బద్ద వెంబడే ఒంటికంటితో చూస్తే నిజమే, ఎక్కడా కుదుపు లేకుండా పోతుంది ఆ గీత.

మరి ఆ వంపు చేసిందెవరు? ప్లాన్ గీసినాయన చుక్కలిచ్చాడు. నేను మేకులు కొట్టాను. వంపుని మాత్రం సీడర్ చెక్క తన బిగువుకొద్దీ ఎంచుకుంది. నాన్నయితే బద్దని కుమ్మరి కర్రతోనూ సారెతోనూ కలిపి, అది కేవలం నిమిత్తం అనేవారు. సరే, కానీ కర్ర కుమ్మరి తప్పు దిద్దదు కదా.

తరవాత కుట్టు. ఇది నిజంగా కుట్టే. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు కోసి, అంచుల వెంట చిన్న చిల్లులు పెట్టి, రాగితీగ దూర్చి, కటింగ్ ప్లయర్‌తో మెలిపెట్టాలి. 1960ల మొదట్లో బ్రిటన్‌లో బ్యారీ బక్నెల్ అనే టీవీ ఆయన, జాక్ హోల్ట్ అనే పడవల రూపకర్త కలిసి మిర్రర్ అనే పడవతో ఈ పద్ధతిని ఇల్లిల్లూ చేర్చారు. డెయిలీ మిర్రర్ పత్రిక దాన్ని 1963లో జనంలోకి వదిలింది. ఎర్ర తెరచాపలతో అవి డెబ్భై వేలకి పైగా తయారయ్యాయి, చాలావరకు వడ్రంగం రానివాళ్ల చేతుల్లోనే.

పలకలు నేల మీద ఉన్నప్పుడు బల్లపరుపు చెక్కలు. ఏ ఒక్కదాన్లోనూ పడవ కడుపు లేదు. వంకర అంచునీ వంకర అంచునీ దగ్గరికి లాగి తీగ బిగించేకొద్దీ రెండు పలకలూ తప్పనిసరై లేస్తాయి, ఒళ్లు విరుచుకుంటాయి. పక్కింటాయన డెబ్భై దాటినవాడు, తన రోజుల్లో పడవలు కట్టినవాడు. కాఫీ కప్పుతో గ్యారేజీ గుమ్మంలో నిలబడి, "ఇదిగో, ఇప్పుడు పడవైంది" అన్నాడు. ఆ క్షణంలో నేను పూర్తిగా నాన్న పక్షం. నువ్వులలో నూనెలా కార్యం కారణంలో ముందే దాగి ఉంటుందన్న సాంఖ్యులు ఓసారి వచ్చి ఈ గ్యారేజీలో నిలబడాలి. పలకల్లో లేనిది, పలకలు కలిస్తే కొత్తగా పుట్టింది. న్యాయవైశేషికులు, అంటే నాన్న బడివాళ్లు, చెప్పేది అదే.

ఆపైన కీళ్లకి కర్రపొట్టు కలిపిన ఎపాక్సీ నింపడం, గాజు టేపు అతికించడం, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం. రుద్దడంలో వేదాంతమేమీ లేదు. దుమ్మే.

నాన్న అనుమానానికి అడ్డం తిరిగిన దూరదేశపువాడు ఒకడున్నాడు, స్కాట్లండ్ డేవిడ్ హ్యూమ్. నాన్నకి అతని పేరు తెలిసుండదు. మతం మీద అతను రాసిన సంభాషణల పుస్తకం అతను పోయిన మూడేళ్లకి, 1779లో అచ్చయింది. అందులో ఓ ఓడ వస్తుంది. అంత గొప్ప ఓడని చూసి, కట్టినవాడు ఎంత మేధావో అనుకుంటాం. తీరా చూస్తే వాడో మట్టిబుర్ర. తనకి ముందు తరతరాలవాళ్లు తప్పులు చేసి, దిద్దుకుంటూ వచ్చిన పనిని చూసి దింపేసినవాడు. లోకం కట్టినవాడు కూడా అలాంటివాడు కాడని ఏమిటి నమ్మకం? పైగా ఓడని పదిమంది కలిసి కడతారు, దేవుడు ఒక్కడే ఎందుకవ్వాలి? చదువుతుంటే కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆ మట్టిబుర్ర నేనే.

నా ప్లాన్ గీసినాయన కూడా గాల్లోంచి గీయలేదు. ఆయనకి ముందే, 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ఆప్టిమిస్ట్ అనే పడవ గీశాడు. ఖర్చు యాభై డాలర్లు దాటకూడదు, పిల్లలు తల్లిదండ్రుల సాయంతో ఇంట్లోనే కట్టుకోగలగాలి అని అడిగారు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలకల్లోంచే రావాలి కాబట్టి పడవ ఎనిమిదడుగుల లోపే ఆగింది, ముక్కు మొండిదైంది. మొక్కుబడిగా చేసిన సర్దుబాటు కాదది, దాని అందమే అది. ఈ రోజుకీ ప్రపంచంలో పిల్లలు ఎక్కువగా తెరచాప నేర్చుకునేది దాని మీదే, హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద కూడా. ఇంతకీ ఆ పొడవు నిర్ణయించిందెవరు? ప్లైవుడ్ మిల్లు.

ఇదంతా ఫోన్లో అన్నయ్యకి చెప్పాను. నాన్న పాఠం వాడికే అబ్బింది.

"ఏమే, కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవారు, ఆ వడ్రంగుల చేతిలో నీ కాగితాలున్నాయా? తెలివి కర్తలో ఉంటుందే, కాగితంలో కాదు" అన్నాడు.

"వాళ్లకి వాళ్ల నాన్నలు చెప్పారు అన్నయ్యా. హ్యూమ్ అన్నదీ అదే."

"ఆ మొదటి నాన్నకి ఎవరు చెప్పారు?"

ఇలా సాగుతుంది మా వాదన. కానీ ఆ రాత్రి నాకు తట్టిన సంగతి వాడికి అస్సలు నచ్చలేదు. నాన్న రుజువు చేసే ఈశ్వరుడు శూన్యంలోంచి దేన్నీ పుట్టించడు. న్యాయశాస్త్రంలో పరమాణువులు నిత్యాలు, ఆయన చేసినవి కావు. వాటిని ఎలా కూర్చాలో కూడా పూర్తిగా ఆయన ఇష్టం కాదు, జీవుల అదృష్టాన్ని, అంటే వాళ్లు పోగేసుకున్న పుణ్యపాపాలని బట్టి కూర్చాలి. సరుకు ముందే ఉంది, కొలతలు ఇంకొకరివి, పని మాత్రం ఆయనది. అన్నయ్యా, నీ ఈశ్వరుడు నాలాగే గ్యారేజీలో పడవ కట్టుకుంటున్నాడు అన్నాను. అటునుంచి చాలాసేపు మాట లేదు.

నేను వెక్కిరించలేదు. నిజం చెప్పాలంటే బైబిలు దేవుడికన్నా ఈయన నాకు దగ్గరివాడు. నా అభ్యంతరమల్లా ఆయనకి సర్వమూ ముందే తెలుసనడం మీద. ప్లైవుడ్ లోపలి పొరలో ఖాళీ ఎక్కడుందో రంపం అక్కడికి వెళ్లేదాకా తెలియదు. పలక ఎటు మొండికేస్తుందో తీగ బిగించేదాకా తెలియదు. ముడిసరుకు గురించిన ప్రత్యక్షజ్ఞానం ఉంటేనే కర్త అన్నాడు అన్నంభట్టు. నాకు అది పని అయ్యాక వచ్చింది, పని వల్ల వచ్చింది. మొదటే అంతా తెలిసినవాడు చేసేదాన్ని చెయ్యడం అనాలా, దింపడం అనాలా? మీమాంసకుడు కుమారిలుడు ఇంకోవైపునుంచి పట్టుకున్నాడు: ఒళ్లే లేనివాడికి ప్రయత్నం ఎక్కడిది? ముంజేతికి అంటుకున్న ఎపాక్సీ గీకి తీస్తున్నప్పుడు మీమాంసకుల మీద నాకు గౌరవం పెరిగింది.

పడవని కెన్‌మోర్ రేవులో వాషింగ్టన్ సరస్సులోకి దింపాం. తేలింది. దింపాక నాతో దానికి పని లేదు, నీళ్లే మోస్తున్నాయి. నిమిత్తకారణం పోయినా కార్యం ఉంటుంది, కుమ్మరి చచ్చినా కుండ ఉంటుంది. ఇది నాన్న చెప్పిందే. మరి లోకం ఉన్నంత మాత్రాన కర్త ఇంకా ఉన్నాడని ఎలా చెప్తాం అని అన్నయ్యని నిలదీశాను.

వాడు నైయాయికుడు ఉదయనుడిని తీశాడు. ఈశ్వరుడికి ఉదయనుడు ఇచ్చిన హేతువుల్లో పుట్టించడం ఒకటే కాదు, పడిపోకుండా పట్టి ఉంచడం కూడా ఒకటి. "నీ పడవ సంగతి చెప్పవే. రంగు వేసి వదిలేస్తే ఎన్నాళ్లుంటుంది?"

అక్కడ దొరికిపోయాను. చెక్క పడవకి వానా ఎండా రెండూ శత్రువులే. పై అంచున వార్నిష్ ఏటా గీకి మళ్లీ పుయ్యాలి, ఎక్కడ ఎపాక్సీ పగిలి చెక్క నీళ్లు తాగిందో వెతికి ఆరబెట్టి పూడ్చాలి. కట్టడం అయిపోయే పని, కాపాడడం కాదు. ప్లాస్టిక్ పడవ కట్టుంటే ఈ వాదన నేనే గెలిచేదాన్ని.

"ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు.

పట్టి ఉంచేవాడు ఒకడుండాలని ఒప్పుకుంటాను, వాడే కట్టినవాడై ఉండాలని ఒప్పుకోను అన్నాను. నా తరవాత ఈ పడవ పక్కింటాయన మనవరాలికి పోతుంది, వార్నిష్ డబ్బాతో సహా. ఉదయనుడు దీనికేమంటాడో చూసి రేపు చెప్తానని అన్నయ్య ఫోన్ పెట్టేశాడు.