తెలివితేటలే కొలమానమా?

తిమింగలాలు తెలివైనవి కాబట్టి చంపకూడదన్న వాదన నాకు మింగుడుపడదు. తెలివే కొలమానమైతే పందిని ఏ లెక్కన తింటున్నాం?

నాకు ఐస్‌లాండ్ వేసుకున్న ప్రశ్న నచ్చింది. జంతువును చంపితే త్వరగా, నొప్పి లేకుండా చంపమంటుంది వాళ్ళ చట్టం. 2022లో అక్కడ 148 ఫిన్ తిమింగలాలను వేటాడారు. ఒంట్లోకెళ్ళి పేలే హార్పూన్ ఒక్కటి చాలక, 36 తిమింగలాలను మళ్ళీ కొట్టాల్సొచ్చింది. ఊగే సముద్రంలో, కదిలే ఓడ మీంచి గురి మరి! 2023 జూన్‌లో ప్రభుత్వం వేట ఆపింది; సెప్టెంబరులో నిబంధనలు బిగించి మళ్ళీ అనుమతించింది.

నిబంధనలు బిగిస్తే సముద్రం ఊగడం మానదు కదా. త్వరగా చంపడం కుదరని చోట అసలు చంపకూడదు. ఇందులో ఐక్యూ ప్రసక్తే లేదు.

ఈ లెక్క నా ప్లేట్లో కోడి దాకా వస్తుందని తెలుసు. రానీండి.